ఐలాండ్ పీక్ దారి

నేపాల్‌లోని ఖుంబూ ప్రాంతంలో 6,189 మీటర్ల ఇమ్జా త్సేని పర్వతారోహకులు ఐలాండ్ పీక్ అంటారు. 1953లో ఎవరెస్ట్ యాత్రకు వచ్చిన బ్రిటిష్ బృందంలోని కొందరు సాధన కోసం దీన్ని ఎక్కారు. ఇప్పుడిది ట్రెక్కింగ్ శిఖరాల జాబితాలో ఉంది. అలాగని నడకతోనే అయిపోయేది కాదు.

లుక్లా నుంచి నడిచేవాళ్లు నాంచే (3,440 మీటర్లు), దింగ్‌బోచే (4,410) దగ్గర మామూలుగా ఒక్కో రోజు అదనంగా ఆగుతారు. ఖర్చు తగ్గించే ప్యాకేజీలు ముందు కోసేది ఈ రోజులనే, మంచి గైడ్ మాత్రం అలా కోయడానికి ఒప్పుకోడు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పీడనం తగ్గి ఆక్సిజన్ చాలదు. ఒంటికి అలవాటయ్యే వ్యవధి లేకపోతే తలనొప్పి, వాంతులతో మొదలై మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరే దాకా పోవచ్చు. అప్పుడు వెంటనే కిందికి దించాలి. శిఖరం రెండు గంటల దూరంలోనే ఉన్నా సరే.

శిఖరం కింది బేస్ క్యాంప్ నుంచి అర్ధరాత్రి దాటాక బయల్దేరతారు. ఎండెక్కితే మంచు మెత్తబడుతుంది మరి. హిమానీనదం మీద బూట్లకు క్రాంపాన్లు (లోహపు ముళ్ల చట్రాలు) బిగించి, పగుళ్ల భయంతో గైడ్‌తో ఒకే తాడుకు కట్టుకుని నడుస్తారు. చివరి నిటారు మంచుగోడకు షెర్పాలు బిగించిన తాడు, దాని మీద పైకి మాత్రమే జరిగే జూమర్ అనే పిడి ఆధారం. దిగేటప్పుడూ అదే తాడు, కాకపోతే అప్పటికి కాళ్లలో సత్తువ ఉండదు.