దాచిపెట్టిన సాయంత్రాలు

మనుష్యుడు రేపటికోసం ధాన్యం దాచుకొన్నాడు, ధనం దాచుకొన్నాడు. ఈ కాలంలో సాయంత్రాలను కూడ దాచుకోవడం నేర్చుకొన్నాడు. టెలివిజనులో వచ్చే పాటనో నాటకాన్నో ఒక పెట్టె పట్టి ఉంచుతుంది. తీరిక దొరికిన రోజున దానిని తీసి చూసుకోవచ్చు. 1999లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఈ డిజిటల్ రికార్డరు, 2008 ప్రాంతంలో ఇంటికప్పు మీది డిష్‌తోపాటు భారతదేశపు ఇళ్ళలో కూడ ప్రవేశించింది. అటువంటి పెట్టె ఒకటి సూరత్ నగరంలోని నవాగామ్‌లో, ఒక నేతపనివాని ఇంట్లో పాడైపోయింది. లోకం దృష్టిలో ఇది చెప్పుకోదగిన విషయం కాదు. ఆ ఇంటివారికి పోయినదేమిటో తెలియాలంటే, ముందు ఆ ఇంటి పనివేళలు తెలియాలి.

నవాగామ్ సూరత్‌కు ఆగ్నేయపు అంచున, దిండోలిని ఆనుకొని ఉన్నది. పేరులో గ్రామం మిగిలి ఉన్నా అది ఏనాడో నగరంలో కలిసిపోయింది. ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీలు, ఉత్తరప్రదేశ్ వారు, ఒరిస్సా వారు, వారి నడుమ తెలుగువారు అక్కడ ఇరుకు సందులలో ఇరుగుపొరుగుగా బ్రతుకుతున్నారు. తెలంగాణపు జిల్లాలలో చేనేత చితికిపోయినప్పుడు సోలాపూరుకు, భివండీకి, బొంబాయికి, సూరత్‌కు తరలిపోయిన పద్మశాలి కుటుంబాలెన్నో ఉన్నాయి. వారి పిల్లలకోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు కూడ నడుపుతున్నది. ఈ కథలోని మనిషి తండ్రి నల్లగొండ జిల్లానుంచి వచ్చి మరమగ్గం మీద పనికి కుదిరాడు. కొడుకు కూడ ఆ పనిలోనే పెరిగాడు.

మరమగ్గాన్ని తెలంగాణ నేతగాళ్ళు సాంచె అంటారు. సాంచెకు పగలు రాత్రి అనే భేదం లేదు. ఒక మనిషి పన్నెండు గంటలు నిలబడితే, తరువాతి పన్నెండు గంటలు మరొక మనిషి నిలబడతాడు. పగటిపాళి వాడు కొన్నాళ్ళకు రాత్రిపాళికి మారతాడు. రాత్రిపాళిలో ఉన్నవానికి సాయంత్రమనేది ఉండదు. ఊరంతా దీపాలు పెట్టుకొని ఇంట్లో కూర్చొనే వేళకు అతడు అన్నం తిని బయలుదేరాలి. ఊరు మేలుకొనే వేళకు తిరిగివచ్చి పడుకోవాలి.

తండ్రికి పని మానిన తరువాత పాట ఒక్కటే కాలక్షేపం. 1995లో ఈటీవీ ప్రారంభమైంది. మరుసటి సంవత్సరం ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం నిర్వహణలో ‘పాడుతా తీయగా’ మొదలయింది. ఊరూ పేరూ లేని పిల్లలు వచ్చి పాడడం, అంతటి గాయకుడు వారి తప్పును నొప్పించకుండా దిద్దడం ఆ ముసలివానికి ఎంతో ఇష్టం. రాత్రి చూసినదంతా తెల్లవారి పనినుంచి వచ్చిన కొడుకుకు చెప్పేవాడు. చాయ గ్లాసు చేతికిచ్చి, “రాత్రి ఒక పిల్ల పాడింది రా, మన దిక్కు పిల్లే. చరణంల కొంచెం తడబడ్డది. అయినా ఆయన ఏమన్లే, తానే ఒకసారి పాడి చూపిచ్చిండు” అని మొదలుపెట్టి, వణికే గొంతుతో ఆ పల్లవిని తానే ఎత్తుకొనేవాడు. కొడుకు చెవులలో ఇంకా సాంచెల చప్పుడు మోగుతూ ఉండేది. సగం నిద్రలో వినేవాడు. అయినా వినేవాడు.

ఆ తరువాత ఇంట్లోకి పెట్టె వచ్చింది. దీపావళికి చేతికొచ్చిన సొమ్ముతో కొడుకే కొన్నాడు. తన సాయంత్రాలు తనకు దక్కాలనీ, తండ్రి చూసినదే తానూ చూడాలనీ అతని ఆశ. రిమోటు మీది ఎర్ర గుండీ ఎట్లా నొక్కాలో తండ్రికి నేర్పాడు. ఒక్కసారి ఆజ్ఞ ఇస్తే చాలు, వారం వారం ఆ వేళకు పెట్టె దానంతట అదే మేలుకొని కార్యక్రమాన్ని పట్టి ఉంచుతుంది. తండ్రికి అది గొప్ప వింత. మరునాడు తెల్లవారి కొడుకు రాగానే, “పట్టిపెట్టిన బిడ్డా, తీరినప్పుడు చూడు” అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. చెప్పడమెందుకు? ఉన్నదంతా పెట్టెలో ఉన్నది గదా!

తెల్లవారి మాటలు ఆగిపోయిన సంగతి అప్పుడు ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. పెట్టెలో వరుస పెరుగుతూ వచ్చింది. సెలవునాడు కొడుక్కు నిద్ర చాలేది కాదు. నిద్ర చాలినవేళ బజారు పనులుండేవి. “చూస్తా నాయనా” అనేవాడు. ఆ మాటలో అబద్ధం లేదు. దాచిన వస్తువు ఎక్కడికీ పోదనే నమ్మకం మాత్రమే ఉన్నది. పెట్టె లేని రోజులలో పోయిన కార్యక్రమం పోయినట్లే గనుక ఎంతో కొంత విని తీరవలసి వచ్చేది. పెట్టె వచ్చిన తరువాత వాయిదా వేయడం తప్పుగా కనిపించలేదు.

2019 చలికాలంలో తండ్రి చనిపోయాడు. కర్మకాండలు ముగిసిన తరువాత ఒక రాత్రి, అలవాటైన వేళకు పెట్టె మీద చిన్న ఎర్రదీపం వెలిగింది. ఆజ్ఞ ఇచ్చినవాడు లేడు; ఆజ్ఞ మాత్రం అమలు జరుగుతూనే ఉన్నది. కొడుకు రిమోటు తీసుకొని ఆ వరుస తెరిచాడు. చాల భాగాలు తండ్రి పూర్తిగా చూసినవే. ఒకటి మాత్రం నడుమ ఆగి ఉన్నది. చూడడం ఎక్కడ నిలిపామో అటువంటి పెట్టెలు గుర్తుంచుకొంటాయి. కింద గీత మీద కొంత దూరం రంగు పాకి ఉంటుంది. తండ్రి అంతవరకు చూసి, నిద్ర వచ్చో ఆయాసం వచ్చో ఆపి ఉంటాడు. కొడుకు ఆ గీతను చాలసేపు చూసి, ఏ గుండీ నొక్కకుండా పెట్టె కట్టివేశాడు.

2020 మార్చిలో దేశమంతా మూతపడింది. సూరత్ సాంచెలు ఆగిపోయాయి. నవాగామ్‌లో రాత్రులు నిశ్శబ్దమయ్యాయి. సొంత ఊళ్ళకు పోగలిగినవారు పోయారు. మిగిలినవారు కూడబెట్టినది తింటూ తలుపులు వేసుకొని కూర్చొన్నారు. అతనికి జీవితంలో మొదటిసారి సాయంత్రాలు దొరికాయి. తీరిక లేదన్న సాకు ఇప్పుడు లేదు. అయినా ఆ వరుస తెరవలేదు. ఆ ఏడు సెప్టెంబరు 25న మద్రాసులో బాలసుబ్రహ్మణ్యం మరణించినప్పుడు, ప్రతి ఇంట్లోను ఆయన పాట వినిపించింది. అతడు కూడ విన్నాడు. తన పెట్టెలోని దానిని మాత్రం ముట్టలేదు. తండ్రి ఆగినచోటినుంచి తాను ముందుకు నడిపితే, ఆ గీత కదులుతుంది. కదలకుండా ఉన్నంతకాలం ముసలివాడు లేచి నీళ్ళు తాగి వచ్చేటంత ఎడం మాత్రమే ఉన్నట్లు ఉండేది.

మరుసటి వానకాలంలో పెట్టెలోనుంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలయింది. రెండు రోజులకు వరుస కనబడలేదు. బాగుచేసే కుర్రవాడు వచ్చి చూసి, లోపలి డిస్క్ పోయిందన్నాడు. అందులో అయస్కాంతపు పూత పూసిన పళ్ళాలు నిమిషానికి వేలసార్లు తిరుగుతూ ఉంటాయి. వాటిని చదివే మొన, వెంట్రుక మందంలో ఎన్నో వంతు ఎడంలో, పళ్ళాన్ని తాకకుండా తేలుతుంది. నడుస్తున్న కార్యక్రమాన్ని ఎప్పుడైనా నిలపడానికీ వెనక్కు తిప్పడానికీ వీలుగా, ఎవరూ ఏదీ దాచనప్పుడు కూడ ఆ పళ్ళాలు తిరుగుతూనే ఉంటాయి. ఒకనాడు మొన తాకినా, యంత్రం అరిగినా అంతటితో సరి. “కొత్త పెట్టె పెడతాము, పాతవి రావు” అన్నాడు కుర్రవాడు.

అతడు ఊరుకోలేదు. డిస్కును గుడ్డలో చుట్టుకొని కంప్యూటరు దుకాణానికి పోయాడు. దుకాణదారు మరొక సంగతి చెప్పాడు: డిస్కును ఎట్లాగో బ్రతికించినా ప్రయోజనం లేదు. అందులోని బొమ్మలకు రహస్యపు తాళం ఉంటుంది. అవి పుట్టిన పెట్టెలో తప్ప మరెక్కడా తెరుచుకోవు. నేతపనివానికి ఇది మింగుడు పడలేదు. పేక తెగితే సాంచె దానంతట అదే ఆగి, ఇక్కడ తెగిందని చూపుతుంది. పడుగు పోగు తెగితే రెండు కొసలు వెదకి ముడివేస్తారు. తెగినచోటు చూపని యంత్రాన్నీ, ముడి వేయనివ్వని పోగునూ అతడు అదివరకు ఎరుగడు.

ఇట్లాంటి నష్టాలు పెద్దవారికీ తప్పలేదు. భారతదేశపు మొదటి టాకీ ‘ఆలం ఆరా’ 1931లో వెలువడింది. దాని ప్రతి ఒక్కటైనా నేడు లభించదు. బ్రిటిష్ ప్రసారసంస్థ బి.బి.సి. 1960లలోని తన కార్యక్రమాలను ఎన్నింటినో, టేపులు తిరిగి వాడుకోవడానికీ చోటు కలిసిరావడానికీ చెరిపివేసింది. ‘డాక్టర్ హూ’ అనే ప్రసిద్ధ ధారావాహికలో తొంభైకి పైగా భాగాల బొమ్మలు ఆ విధంగా పోయాయి. కాని వాటి మాటలు పోలేదు. ఆ నాళ్ళలో ఇళ్ళలో కూర్చొన్న శ్రోతలు టేపురికార్డరు టెలివిజను ముందు పెట్టి పట్టుకొన్న ధ్వని మిగిలింది. సంస్థ పోగొట్టినదానిని ఇల్లు కాపాడింది. ఆ టేపును ఎవరికైనా ఇవ్వవచ్చు, ఏ యంత్రంలోనైనా వినవచ్చు. తాళం వేసిన పెట్టెకు ఆ గుణం లేదు. అందులో దాచినది దాచినవానికి కూడ పూర్తిగా సొంతం కాదు.

2006 ఆగస్టులో ఉకాయి జలాశయంనుంచి వదలిన నీటితో తాపీ నది పొంగి సూరత్‌లో చాల భాగం మునిగినప్పుడు, బురదలో తడిసిన పెండ్లి ఫొటోలను జనం వీధిలో ఆరబెట్టుకొన్నారు. ఒకరి నష్టం మరొకరికి అర్థమయింది. ఈ నష్టం ఎవరికీ అర్థం కాలేదు. “అన్నీ ఇంటర్నెట్టులో ఉన్నాయి గదా అన్నా” అని పొరుగువాడు ఓదార్చాడు. అది నిజమే. తన ఫోనులో వెదికితే తండ్రి చివరగా చూస్తున్న భాగమే దొరికింది. ఒక రాత్రి దానిని మొదటినుంచి చివరివరకు చూశాడు. పిల్లలు పాడారు, గాయకుడు నవ్వాడు, దిద్దాడు. అంతా ఉన్నది. తండ్రి ఏ పాట దగ్గర ఆగాడో అది మాత్రం లేదు. ఆ ఒక్కటీ ప్రపంచంలో ఆ పెట్టెకే తెలుసు.

ఆ రాత్రే అతనికి మరొకటి కూడ తెలిసివచ్చింది. పెట్టె రాకముందు తండ్రి చెప్పిన పాటలు కొన్ని అతనికి ఇంకా గుర్తున్నాయి: ఎవరు పాడారో, ఎక్కడ తడబడ్డారో, తండ్రి గొంతు ఎక్కడ అందక ఆగిపోయేదో. సగం నిద్రలో విన్నవే నిలిచాయి. పెట్టె వచ్చిన తరువాతి సంవత్సరాలలోని పాట ఒక్కటి కూడ అతనికి తెలియదు. డిస్కు 2021లో చెడింది గాని, ఆ తెల్లవారుఝాములు అంతకు ఎన్నో ఏండ్లముందే పోయాయి. వాటిని పోగొట్టినది డిస్కు కాదు.

2021 డిసెంబరులో ఆ కార్యక్రమం గాయకుని కుమారుడు చరణ్ నిర్వహణలో మళ్ళీ మొదలయింది. అప్పటికి నవాగామ్ ఇంటికి కొత్త పెట్టె వచ్చింది. అందులో కూడ ఎర్ర గుండీ ఉన్నది. అతనికి ఆ వారం రాత్రిపాళి. అన్నం మూట పట్టుకొని గడప దాటుతుండగా, తెలుగు బడిలో చదివే కూతురు రిమోటు చేతబట్టి, “నాన్నా, పట్టిపెట్టాల్నా?” అని అడిగింది.

అతడు కొంచెంసేపు నిలిచాడు. “వద్దు బిడ్డా, నువ్వు చూడు. పొద్దుగాల నాకు చెప్పు” అన్నాడు.

తెల్లవారి అతడు వచ్చేసరికి ఆ పిల్ల జడ వేయించుకొంటున్నది. తల కదపకుండానే చెప్పడం మొదలుపెట్టింది. పాడినవారి పేర్లు తారుమారు చేసింది. ఒక పల్లవిని రెండు రకాలుగా పాడి, ఏది సరియైనదో తేల్చుకోలేకపోయింది. అతనికి చెవులలో ఇంకా సాంచెల చప్పుడు మోగుతున్నది, కళ్ళు మూసుకొనిపోతున్నవి. చాయ గ్లాసు చేతిలో పట్టుకొని గోడకు చేరగిలబడి, “మళ్ళొకసారి పాడు” అన్నాడు.