నాయనమ్మ చెప్పిన అదృష్టం

వీపు కింద, సరిగ్గా లంగా బొందు బిగించే చోట నాకు పుట్టుకతోనే చిన్న జుట్టు కుచ్చు ఉంది. నలుగు పెట్టినప్పుడల్లా మా నాయనమ్మ దాన్ని చూసి మురిసిపోయేది. "పిల్ల అదృష్టవంతురాలే! మెట్టినింటికి లక్ష్మిని తీసుకెడుతుంది" అనేది.

లక్ష్మి మాటేమో గాని, నలభై దాటాక నాకు నడుం నొప్పి వచ్చింది. నడుం నొప్పి లేని ఇల్లాలెవరు చెప్పండి! అత్తయ్యగారు నువ్వులనూనె మర్దన అన్నారు. ఎదురింటి పిన్నిగారు ఆముదపాకు కట్టమన్నారు. అన్నీ అయ్యాయి. కుడికాలి చెప్పు నాకు తెలియకుండానే జారిపోతుంటే మావారు "నీకు పరధ్యానం" అని తేల్చేశారు.

ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. గట్టిగా దగ్గినా, నవ్వినా చీర తడిసేది. పేరంటాలు మానేశాను. ఇద్దర్ని కన్నదాన్ని, ఇది మామూలేనని సర్దుకున్నాను. అలా రెండేళ్ళు.

చివరికి కాలు తిమ్మిరెక్కితే నరాల సర్జన్ గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కుచ్చు చూసి, "ఒంటికి వెళ్ళడంలో ఇబ్బందేమైనా ఉందామ్మా?" అన్నారు. మావారు కిటికీలోంచి బయటికి చూడసాగారు. నేను చెప్పేశాను.

ఎం.ఆర్.ఐ.లో బయటపడింది. వెన్నుపాము మామూలుగా మొదటి, రెండో నడుం పూసల దగ్గర ఆగిపోతుందట. దాని కొసనుంచి ఓ సన్నటి దారం కిందికి పోతుంది. నాకా దారం కొవ్వు పట్టి బిరుసెక్కి, వెన్నుపామును గుంజకు కట్టిన దూడలా కిందికి లాగి పెట్టింది. టెథర్డ్ కార్డ్ అంటారట. వంగినప్పుడల్లా ఇన్నేళ్ళూ అది లాగుతూనే ఉంది. నాయనమ్మ మురిసిపోయిన కుచ్చు ఆ లోపానికి పైన అంటించిన చీటీ అన్నమాట!

అమ్మ వింటూనే, "గ్రహణం నాడు ఏం తరిగానో" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరుగారు చెబితే గాని ఊరుకోలేదు.

"ఆ దారం తెంపేస్తే నొప్పి చాలామందికి తగ్గుతుంది. కాలికీ కొంత బలం రావచ్చు. మూత్రం సంగతికి మాత్రం మాట ఇవ్వలేను. ముందే వచ్చి ఉంటే..." అని ఆగారు డాక్టరుగారు. ఆ ఆగిన మాటే నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

కాళ్ళ కండరాలకు తీగలు తగిలించి, మైక్రోస్కోపులో చూస్తూ, సన్నగా కరెంటు పెట్టి అది పనికొచ్చే నరం కాదని తేల్చుకున్నాకే తెంపుతారట. ఒప్పుకున్నాను. వెన్ను నీరు కారకుండా కొన్నాళ్ళు వెల్లకిలా పడుకోబెట్టారు. ఇల్లు ఏమైపోతుందో అనుకున్నాను. ఏమీ కాలేదు, పోపుల డబ్బా మాత్రం కనబడలేదు.

ఆరునెలలైంది. నొప్పి పోయింది. చెప్పు కాలినే ఉంటోంది. ఆ రెండోది సగమే బాగుపడింది. ఇప్పటికీ గడియారం చూసుకుని వెళ్ళాల్సిందే.

మొన్న పిన్నిగారు పలకరించడానికొచ్చి, అన్నీ అడిగి, గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చారు.

"అమ్మాయ్, దగ్గితే... నాకూ అలాగే అవుతుందే. డాక్టరుతో ఎలా చెప్పావ్?"

లోపలికొచ్చి కూర్చోమన్నాను.