నేలను పైకెత్తిన ఊరు

బందరును 1864 నవంబరులో ముంచిన ఉప్పెననూ, దివిసీమను 1977 నవంబరు 19న తుడిచిపెట్టిన ఉప్పెననూ తెలుగువారు తరతరాలుగా చెప్పుకొంటూనే ఉన్నారు. సముద్రపుటొడ్డున పుట్టి పెరిగినవారికి ఉప్పెన అన్న మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు. బంగాళాఖాతంలో తుపాను అని పిలిచేదానినే అట్లాంటిక్ తీరవాసులు హరికేన్ అంటారు. పేరు వేరైనా గాలి గుణం ఒకటే. నీటి గుణం అంతకంటె ఒకటే. అటువంటి హరికేన్ వాతబడి, పూర్తిగా నశించిందనుకొన్న దశలో తిరిగి లేచిన ఊరు గాల్వెస్టన్.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రపు ఆగ్నేయ తీరాన్ని ఆనుకొని, మెక్సికో సింధుశాఖలో ఒక సన్నని ఇసుకదీవి ఉన్నది. పొడవు సుమారు 27 మైళ్ళు. వెడల్పు ఎక్కువగా ఉన్నచోట కూడ మూడు మైళ్ళే. ఆ దీవి తూర్పు కొసన వెలసిన రేవుపట్టణం గాల్వెస్టన్. 1900 నాటి జనాభా లెక్కలలో అక్కడివారు 37,789 మంది. జనం కొద్దిమందే అయినా సంపదకు కొదవ లేదు. టెక్సాస్ పత్తి ఈ రేవు నుండే ఓడలెక్కి దేశదేశాలకు పోయేది. బ్యాంకులు, పాలరాతి మెట్ల భవనాలు, నాటకశాలలు ఆ ఊరికి గొప్ప పేరు తెచ్చాయి. లోపం ఒక్కటే. ఊరిలో అన్నిటికంటె మెరకగా ఉన్న చోటు కూడ సముద్రమట్టానికి తొమ్మిది అడుగుల ఎత్తు లేదు.

ఈ సంగతి అక్కడివారికి తెలియనిది కాదు. అదే తీరంలో ఇండియానోలా అనే రేవు 1875లో ఒకసారి, 1886లో మరొకసారి హరికేన్లకు గురియై, చివరకు జనశూన్యమయింది. ఆ భయంతో గాల్వెస్టన్‌కు అడ్డుగోడ కట్టవలెనన్న ఆలోచన పుట్టింది. భయం తగ్గగానే ఆలోచనా చల్లబడింది. ఆ ఊరి వాతావరణ కార్యాలయానికి అధిపతియైన ఐజక్ క్లైన్ 1891లో స్థానిక పత్రికకు వ్యాసం రాస్తూ, హరికేన్ వల్ల గాల్వెస్టన్‌కు పెద్ద నష్టం కలుగుతుందనుకోవడం వట్టి భ్రమ అని తేల్చివేశాడు. చదువుకొన్నవాడు, అధికారంలో ఉన్నవాడు చెప్పిన మాట. నచ్చిన మాట కూడ. నమ్మకుండా ఎవరుంటారు?

1900 సెప్టెంబరు మొదటి వారంలో ఒక తుపాను క్యూబా ద్వీపాన్ని దాటింది. అది సింధుశాఖలోకి సాగుతుందని క్యూబా పరిశీలకులు సరిగానే ఊహించారు. అమెరికా వాతావరణ శాఖవారికి ఆ పరిశీలకులపై చిన్నచూపు. వారి తుపాను వార్తలు తంతి ద్వారా పోకుండా అడ్డుకొన్నారు కూడ. తుపాను ఫ్లోరిడా వైపు మళ్ళుతుందని తమ లెక్కలు తాము వేసికొన్నారు. అహంకారానికి శాస్త్రం ముసుగు వేస్తే ఎంత ప్రమాదమో సెప్టెంబరు 8వ తేదీ, శనివారం నాడు తేలింది.

ఉదయం వీథులలోకి వచ్చిన నీటిలో పిల్లలు ఆడుకొన్నారు. చీకటిపడే వేళకు ఊరంతా సముద్రమయింది. నీరు పదిహేను అడుగులకు పైగా లేచింది. ముందు వరుసలోని ఇండ్లు విరిగి, వాటి దూలాలు వెనుక వరుస ఇండ్లను ఢీకొని కూల్చాయి. నీటికంటె ఆ కలపే ఎక్కువమందిని చంపి ఉండవచ్చు. ఒడ్డునే ఉన్న సెయింట్ మేరీ అనాథాశ్రమంలో పదిమంది సన్యాసినులు, బట్టలారవేసే తాళ్ళతో పిల్లలను తమ నడుములకు కట్టుకొన్నారు. ఆ పదిమందీ, సుమారు తొంభైమంది పిల్లలూ ఆ రాత్రి మరణించారు. ఒక చెట్టును పట్టుకొని ముగ్గురు బాలురు మాత్రం బ్రతికారు. క్లైన్ తన ముగ్గురు కుమార్తెలతో బయటపడ్డాడు. గర్భవతియైన భార్య దక్కలేదు.

మొత్తం మృతుల సంఖ్య ఎవరికీ కచ్చితంగా అందలేదు. పట్టణంలోనే 6,000 మందికి తక్కువ కారనీ, 8,000 మంది దాకా ఉండవచ్చుననీ అంచనా. సుమారు 3,600 ఇండ్లు ఆనవాలు లేకుండా పోయాయి. శవాలను పడవలకెక్కించి, బరువులు కట్టి నడిసముద్రంలో విడిచారు. అలలు వాటిని తిరిగి ఒడ్డుకే చేర్చాయి. ఆపై ఎక్కడికక్కడ చితులు పేర్చారు. ఆ మంటలు వారాల తరబడి ఆరలేదు. ఈ పనికి నల్లజాతి కూలీలను తుపాకులు చూపి తరలించారు. ఊరు తిరిగి లేచిన కథను గర్వంగా చెప్పేవారు ఈ మాటను దాటవేయరాదు. అమెరికా రెడ్‌క్రాస్ స్థాపకురాలు క్లారా బార్టన్ తన 78వ ఏట అక్కడికి వచ్చి సహాయకార్యం నడిపింది.

ఇండియానోలావలె ఊరిని విడిచిపోదామా, ఇక్కడే ఉందామా అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. పోయినవారు పోయారు. ఉండదలచినవారు తమ పాలనా పద్ధతిని మార్చుకొని, 1901లో ముగ్గురు ఇంజనీర్లను పిలిపించారు. ఆ ముగ్గురు హెన్రీ మార్టిన్ రాబర్ట్, ఆల్ఫ్రెడ్ నోబుల్, హెచ్.సి. రిప్లీ. సభలు నడపవలసిన నియమాలపై ప్రసిద్ధ గ్రంథం రాసిన రాబర్ట్ ఈయనే. వారి సలహా రెండు మాటలలో ఉన్నది: సముద్రానికి ఎదురుగా గోడ కట్టండి; గోడ వెనుక ఊరి నేలనంతా పైకెత్తండి.

గోడ పని 1902 అక్టోబరులో మొదలై 1904 జూలైలో ముగిసింది. ఎత్తు 17 అడుగులు. పాదం దగ్గర మందం 16 అడుగులు, శిరస్సున 5 అడుగులు. ముందుభాగాన్ని వంపుగా మలచారు. వచ్చిన అల ఆ వంపులో పైకి పాకి, తనమీద తానే విరిగిపడుతుంది. మొదట మూడు మైళ్ళకు పైగా సాగిన ఆ గోడ, తరువాత విడతలవారీగా పెరిగి నేడు పది మైళ్ళకు మించి ఉన్నది.

గోడ కట్టడం ఒక ఎత్తు. నేలను ఎత్తడం మరొక ఎత్తు. దీవి మధ్యగా ఒక కాలువ తవ్వారు. రేవు దగ్గర అడుగుమట్టి తోడే ఓడలు ఇసుకను నింపుకొని ఆ కాలువ వెంట ఊరి నడుమకు వచ్చేవి. నీరు కలిపిన ఇసుకను గొట్టాల ద్వారా ఇండ్ల కిందికి పంపేవి. నీరు జారిపోయి ఇసుక నిలిచేది. అంతకుముందే ఇండ్లను జాకీలతో లేపి స్తంభాలపై నిలిపి ఉంచేవారు. రోడ్డు మెరకై ఇల్లు పల్లమైనప్పుడు జాకీలతో ఇంటిని లేపడం ఇప్పుడు తెలుగు పట్టణాలలోనూ కనిపిస్తున్నది. గాల్వెస్టన్‌లో ఆ విధంగా లేపినవి రెండు వేలకు పైచిలుకు కట్టడాలు. 3,000 టన్నుల బరువున్న సెయింట్ పాట్రిక్ చర్చిని సైతం అయిదడుగులు పైకెత్తారు. వందలాది జాకీలను ఒక్కసారిగా, ఒకే కొలతలో తిప్పడానికి కూలీలు పాట పాడేవారు. పాట తప్పితే గోడ బీటవారుతుంది.

ఈ పని 1911 ప్రాంతం దాకా సాగింది. అన్ని సంవత్సరాలూ జనం ఆ బురద మధ్యనే కాపురం చేశారు. ఇంటి నుండి ఇంటికి, ఇంటి నుండి అంగడికి ఎత్తైన చెక్కవంతెనల మీద నడిచారు. ఇసుక పోసే ఖర్చు ప్రజాధనం నుండి. ఇల్లు ఎత్తించుకొనే ఖర్చు మాత్రం ఇంటివారిదే. స్తోమత లేనివారు, మనసొప్పనివారు కింది అంతస్తును ఇసుకకు వదలుకొన్నారు. ఆష్టన్ విల్లా అనే పాత భవనం చుట్టూ ఉన్న ఇనుపకంచె కొంత మేర నేలలో కూరుకొని నేటికీ ఆనాటి నేలమట్టాన్ని గుర్తుచేస్తున్నది.

ఉప్పు ఇసుక పోయడంతో చెట్లు, తోటలు చచ్చిపోయాయి. ఊరు ఎత్తయింది గాని ఎడారివలె ఉన్నది. అప్పుడు ముందుకు వచ్చినవారు స్త్రీలు. ఆరోగ్య పరిరక్షణకై 1901లో వారు స్థాపించుకొన్న సంఘం వీథుల వెంట మొక్కలు నాటింది. వాటిలో ముఖ్యమైనది గన్నేరు. పశువు ముట్టని గన్నేరు ఉప్పుగాలినీ లెక్కచేయదు. ఆ ఊరికి నేడు గన్నేరుల నగరమన్న పేరు నిలిచింది. ఇంజనీర్ల పేర్లు చరిత్రలో ఉన్నంతగా ఆ తల్లుల పేర్లు లేకపోవడం న్యాయం కాదు.

1915 ఆగస్టులో దాదాపు అంతటి హరికేనే మళ్ళీ వచ్చింది. పట్టణంలో మరణాలు ఈసారి వేలలో కాదు, పదులలోనే ఆగాయి. గోడ ప్రాణాలు కాపాడింది. పూర్వవైభవాన్ని మాత్రం తేలేకపోయింది. లోపలి భూభాగంలోని హూస్టన్ నగరం 1914 నాటికి లోతైన ఓడకాలువ తవ్వుకొని వ్యాపారాన్ని తనవైపు తిప్పుకొన్నది. నేడు ఆ హూస్టన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవు దినాలలో పిల్లలతో వచ్చి గాల్వెస్టన్ గోడ మీద నడుస్తుంటాయి.

2008 సెప్టెంబరులో ఐక్ అనే హరికేన్ వచ్చినప్పుడు సముద్రం గోడను దాటి రాలేదు. వెనుకనున్న అఖాతం వైపు నుండి, గోడ లేని దిక్కు నుండి వచ్చింది. ఊరిలో అత్యధిక భాగం మునిగింది. ఆ ఉప్పునీటికి, స్త్రీలు పెంచిన నీడచెట్లతో సహా వేలాది చెట్లు నిలువునా ఎండిపోయాయి. చాలావాటిని కొట్టివేశారు. కొందరు గృహస్థులకు మాత్రం గొడ్డలి పెట్టడానికి మనసొప్పలేదు. శిల్పులను పిలిపించి, ఆ ఓక్ మోడులను నిలబడిన చోటనే చేపలుగా, కొంగలుగా, దేవదూతలుగా చెక్కించుకొన్నారు. ఆ ఇండ్ల పెరళ్ళలో గన్నేరు మళ్ళీ చిగిర్చింది.