మాత్రల డబ్బాకు తాళం ఉందా?

దొంగతనం జరిగిందనగానే మనం తలుపు గడియ చూస్తాం, కిటికీ ఊచలు చూస్తాం. నేనూ అదే చేశాను. కొన్నేళ్ల క్రితం మా ఇంట్లో ముందు డబ్బు పోవడం మొదలైంది. కట్టలోంచి ఒక నోటు, పర్సులోంచి ఒక నోటు. తర్వాత దేవుడి గదిలోని వెండి కుంకుమభరిణె. వీధి తలుపుకు కొత్త తాళం కప్ప కొని, ఆరేళ్లుగా పనిచేస్తున్న పనిమనిషిని మాన్పించాను.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, మా అమ్మ ఆనవాలు పట్టింది. "నా నిద్రమాత్రలు నెల తిరక్కుండానే అయిపోతున్నాయిరా" అని రెండుసార్లు చెప్పింది. మతిమరుపుతో రెండేసి వేసుకుంటోందనుకున్నాను. పనిమనిషిని పంపేశాక కూడా మాత్రలు పోతూనే ఉన్నాయి!

తీసేది మా మేనల్లుడు. మా ఇంట్లో ఉండి డిగ్రీ చదివేవాడు. వాడి తీరు మారిందని అందరం చూశాం, ఎవరమూ కలిపి ఆలోచించలేదు. పన్నెండైనా లేవడు. మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది, కానీ సారా వాసన ఉండదు. ఆ చివరిదే అసలు గుర్తు. తాగినవాడిలా ఉండి వాసన లేకపోతే అల్ప్రజోలం వంటి మత్తుమాత్రల్ని అనుమానించండి. గంజాయికి కళ్లు ఎర్రబడతాయి, ఆకలి పెరుగుతుంది. కొడీన్ ఉన్న దగ్గుమందులాంటి నల్లమందు జాతివైతే కంటిపాప సూదిమొనంత చిన్నదవుతుంది. అయితే ఏ ఒక్క గుర్తూ రుజువు కాదు. దిగులు జబ్బులోనూ పిల్లలు పగలంతా పడుకుంటారు.

పరుపు కింద ఖాళీ మాత్రల అట్టలు దొరికిన రాత్రి నేను ఇంకో తప్పు చేశాను. కేకలేసి, మాత్రలన్నీ పారేసి, వాణ్ని గదిలో పెట్టి గొళ్లెం వేశాను. మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. నెలల తరబడి వాడిన ఈ మాత్రల్ని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకూ రావచ్చు. మానసిక వైద్యుడి పర్యవేక్షణలో మోతాదు వారాల తరబడి తగ్గించుకుంటూ రావాలి. రోగుల బంధువులకు రోజూ చెప్పే మాటే. ఆ రాత్రి నాకు కోపం తప్ప ఏదీ గుర్తు రాలేదు.

పోలీసులొస్తారేమోనని మా చెల్లెలు ఒకటే ఏడుపు. చాలామంది తల్లిదండ్రులు ఈ భయంతోనే ఆసుపత్రికి రారు. వైద్యం అడిగితే ఎవరూ అరెస్టు చెయ్యరు. పైగా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. వాడకం కేసులో చిక్కినవాడైనా తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు చేరి దాన్ని పూర్తి చేస్తే శిక్షింపజేసే చర్య ఉండదు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కు ఫోన్ చెయ్యండి, డబ్బు పడదు.

ఇప్పుడు అమ్మ మాత్రలు బీరువాలో ఉంటాయి, మందుల చీటీతో సహా. వాడు ఆ చీటీ పట్టుకుని రెండు మూడు షాపుల్లో కొన్నాడట మరి! అల్ప్రజోలం అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాయాలన్నది నిబంధన. రాసేవాళ్లు రాస్తారు.

వాడు కోలుకున్నాడు. ఉద్యోగం చేసుకుంటున్నాడు.

పనిమనిషి ఇంటికి నేనూ మా ఆవిడా వెళ్లాం. తప్పయిందని చెప్పి, ఆపేసిన పద్దెనిమిది రోజుల జీతం చేతిలో పెట్టాను. లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది. మళ్లీ పనికి రమ్మన్నాం. రానంది.