బడి గేటు దగ్గర నీలం కార్డు

మన ఊళ్లలో బడి వదిలే వేళ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పసుపు రంగు బస్సులు, పిల్లల్ని కుక్కుకుని కదిలే ఆటోలు, స్కూటీల మీద అమ్మలు, గేటు పక్కన జామకాయల బండి. ఇంగ్లండులో ఆ సందడి వేరే తీరు. ఇక్కడ ప్రైమరీ బడికి బస్సు ఉండడం అరుదు. చిన్న తరగతుల పిల్లల్ని టీచరు గుమ్మంలో నిలబడి, ఎవరి తాలూకు ఎవరొచ్చారో చూసుకుని, ఒక్కొక్కళ్లనే అప్పగిస్తుంది. అంచేత పొద్దున తొమ్మిదికి ముందు, మళ్లీ మధ్యాహ్నం మూడు దాటాక, ప్రతి ఇంటి నుంచీ పెద్దవాళ్లు ఒకరు గేటు దగ్గర హాజరు కావాల్సిందే. దీన్నే స్కూల్ రన్ అంటారు. రీడింగ్‌లోనో స్లౌలోనో ఉంటున్న మీ అమ్మాయి "అమ్మా, స్కూల్ రన్‌లో ఉన్నా, మళ్లీ చేస్తా" అని ఫోన్ పెట్టేస్తే ఆ హడావిడిలో ఉందన్నమాట.

ఈ బళ్లు చాలావరకు ఇళ్ల మధ్య, ఇరుకు వీధుల్లో ఉంటాయి. రెండు పక్కలా ఆ వీధివాళ్ల కార్లు, మధ్యలో ఒక్క కారు పట్టే దారి. అందులోకి పావుగంట సేపట్లో ఊరంతా దిగుతుంది. ఆ పావుగంటలో జరిగే ఒక విషయం గురించి మీతో మాట్లాడాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను.

బ్లూ బ్యాడ్జి అని ఒక కార్డుంది. నడవలేనివాళ్లకూ, నడక బాగా కష్టమైనవాళ్లకూ ఇక్కడి కౌన్సిల్ ఇచ్చే పార్కింగ్ కార్డు. ముందువైపు చక్రాల కుర్చీ గుర్తు, గడువు తేదీ ఉంటాయి. వెనకవైపు ఆ మనిషి ఫొటో. దాన్ని డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుంటే వికలాంగుల కోసం గీసిన బేలో కారు ఆపుకోవచ్చు. సామాన్లు దించడానికి కూడా ఆగకూడదన్న నిషేధం లేనిచోట, మామూలుగా కారు నిలపకూడని పసుపు గీతల మీద సైతం మూడు గంటల దాకా ఉండవచ్చు, ఎప్పుడొచ్చారో తెలిపే అట్ట గడియారం పక్కన పెడితే చాలు. ఇంగ్లండులో దీని రుసుము పది పౌండ్లు మించదు, వేల్స్‌లో అదీ లేదు. ఒకసారి ఇస్తే మామూలుగా మూడేళ్లు చెల్లుతుంది. ఇది మనిషి పేరు మీద ఇచ్చేది, కారు నంబరు మీద ఇచ్చేది కాదు. ఆ మనిషి తమ్ముడి కారెక్కినా, టాక్సీ ఎక్కినా కార్డు వెంట వెళుతుంది. ఆ మనిషి కారులో రాకపోతే, వాళ్లను దించడానికో ఎక్కించుకోవడానికో కారు రాకపోతే, ఆ కార్డు ఎవరికీ ఏ హక్కూ ఇవ్వదు.

దీని వెనక ఒక మంచి మనిషి ఉన్నాడు, ఆయన గురించి కాస్త చెప్పాలి. ఆల్ఫ్ మోరిస్ అని మాంచెస్టర్‌లో పుట్టి, అక్కడి నుంచే పార్లమెంటుకు వెళ్లినవాడు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక కాలూ ఒక కన్నూ పోగొట్టుకుని, విషవాయువుకు ఊపిరితిత్తులు పాడై, పిల్లవాడి చిన్నతనంలోనే పోయాడు. అవిటితనం ఒక ఇంటిని ఎలా కుంగదీస్తుందో ఆ పిల్లవాడు దగ్గర్నుంచి చూశాడు. 1969 చివర్లో, సొంతంగా ఒక బిల్లు పెట్టుకునే అవకాశం కోసం సభ్యుల పేర్లు చీటీలు తీస్తే ఆయన పేరు మొదట వచ్చింది. అందరూ పేరొచ్చే విషయమేదో ఎత్తుకుంటారనుకుంటే ఆయన వికలాంగుల బిల్లు తెచ్చాడు. అది 1970 మే 29న, ఎన్నికల కోసం పార్లమెంటు రద్దయిన రోజునే, చట్టమైంది. ఆ గడువు దాటి ఉంటే బిల్లు మురిగిపోయేదే. ఆ చట్టంలోని 21వ సెక్షన్ ఈ కార్డుకు పుట్టినిల్లు. 1971లో నారింజ రంగులో వచ్చింది. 2000 నుంచి ఐరోపా అంతటికీ ఒకే నమూనా అనుకుని నీలం రంగు వేశారు.

ఇక ఆ బే సంగతి. ఇక్కడి కార్ పార్కుల్లో మామూలు బే వెడల్పు 2.4 మీటర్లు. వికలాంగుల బేకి పక్కన ఇంకో 1.2 మీటర్లు ఏటవాలు గీతలు గీసి ఖాళీగా వదులుతారు. తలుపు పూర్తిగా బార్లా తెరవాలి, చక్రాల కుర్చీని సీటుకు ఆనించి నిలపాలి, మనిషిని అందులోకి జరపాలి. ఆ గీతల చోటు ఇందుకోసమే. మన దగ్గర పక్క చక్రాలు బిగించిన స్కూటీ నడిపేవాళ్లను మీరు చూసే ఉంటారు. బండి నిలబెట్టుకోవడానికీ, ఊతకర్ర ఆన్చి దిగడానికీ వాళ్లకి ఎంత జాగా కావాలో గుర్తు తెచ్చుకోండి. కుర్చీతో సహా ఎక్కించే వ్యాన్లకైతే వెనక తలుపు లేపి ర్యాంపు వాల్చాలి కాబట్టి వెనక కూడా ఖాళీ ఉండాలి.

మా పిల్లల బడి వీధిలో అలాంటి బే ఒక్కటే ఉంది. దాని అవసరం రోజూ పడే అమ్మాయి ఒకతె నాకు బాగా తెలుసు, మన గుంటూరు వైపు పిల్లే. కొడుకు సెరిబ్రల్ పాల్సీతో పుట్టాడు, చక్రాల కుర్చీలో ఉంటాడు, రెండో తరగతి. భలే మాటకారి. మధ్యాహ్నం నేను కాస్త ముందు వెళ్తే "అక్కా, బే ఖాళీగా ఉందా?" అని వాళ్లమ్మ నుంచి మెసేజ్ వస్తుంది. చాలాసార్లు నేను పంపే జవాబు లేదనే. అప్పుడామె రెండు వీధుల అవతల వ్యాను ఆపి, వాలు రోడ్డు మీద కుర్చీ తోసుకుంటూ వాణ్ని తీసుకెళుతుంది. దారిలో సగం కార్లు పేవ్‌మెంటు మీద రెండు చక్రాలు ఎక్కించి ఉంటాయి, అంటే అంతమేరా రోడ్డు మీదికి దిగి తోయాలి. వాన పడితే ఇక చెప్పనే వద్దు. ఒక చేత్తో గొడుగు పట్టుకుని కుర్చీ నడపడం ఎవరి వల్లా కాదు.

మరి బేలో ఎవరున్నారు? అందులోనూ బ్లూ బ్యాడ్జి ఉన్న కారే. కార్డు దొంగది కాదు, గడువూ తీరలేదు. ముందు సీట్లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంటుంది, కార్డు ఆవిడదే. కొడుకు దిగి, చకచకా నడిచి వెళ్లి పిల్లని తీసుకొస్తాడు. ఆవిడ కారు దిగదు. బడి వదిలేది మూడుంబావుకైతే వాళ్లు రెండున్నర దాటగానే వచ్చి అక్కడ కూర్చుంటారు, ఎందుకంటే ఆలస్యమైతే చోటు దొరకదు.

చట్టం ప్రకారం ఇది నేరం కాదు. బ్యాడ్జి మనిషి కారులో ఉన్నాడు, అయిపోయింది. కానీ బ్యాడ్జితో పాటు ఇచ్చే హక్కులూ బాధ్యతల పుస్తకంలో దీని గురించే రాసి ఉంది. తాను కారులోనే ఉండి వేరేవాళ్లు పనికి వెళ్లేటప్పుడు, వీలైనంతవరకు మామూలు పార్కింగ్ వాడుకోమనీ, అవిటితనం లేనివాళ్లు ఆ సౌకర్యం పొందడానికి మీరు కారులో కూర్చోవద్దనీ. చట్టం ఆ పనిని మన మర్యాదకు వదిలింది. నాకు బాధ కలిగించేది అదే. జరిమానా ఉన్నచోట జాగ్రత్తపడే మనుషులు మర్యాదకు వదిలిన చోట జాగ్రత్తపడటం లేదు.

ఆవిడ ఇంట్లో టీవీ చూస్తూండగా కొడుకు కార్డు పట్టుకొచ్చి బేలో ఆపాడనుకోండి, అప్పుడది నేరమే. వెయ్యి పౌండ్ల దాకా జరిమానా వేయవచ్చు. 2013లో వచ్చిన చట్టంతో, మఫ్టీలో వచ్చిన అధికారి కూడా కార్డు చూపించమని అడగవచ్చు, తప్పుగా వాడుతున్నారనిపిస్తే అక్కడికక్కడే తీసేసుకోవచ్చు. బడి గేటు దగ్గర అలాంటి తనిఖీ ఎప్పుడో గాని జరగదు.

అడిగితే అందరిదీ ఒకటే మాట: "రెండు నిమిషాలే కదా." నిజమే, గేటు దాకా వెళ్లి రావడం రెండు నిమిషాలే. కానీ బే నిండి ఉండేది ముప్పావుగంట. ఆ ముప్పావుగంటలోనే దానితో పని ఉన్న పిల్లవాడి కోసం వ్యాను వస్తుంది. రాత్రి పదింటికి ఆ బే ఖాళీగా ఉండి ఎవరికేం లాభం?

ఇక్కడ మీకో మాట గట్టిగా చెప్పాలి. ఇదంతా విని, గేటు దగ్గర కాపలా కాసి, బాగానే నడుస్తున్నట్టు కనిపించిన ప్రతి మనిషినీ నిలదీయవచ్చని మాత్రం అనుకోకండి. 2019 ఆగస్టు 30 నుంచి ఇంగ్లండులో పైకి కనిపించని ఇబ్బందులున్నవాళ్లకూ ఈ బ్యాడ్జి ఇస్తున్నారు. ఆటిజం ఉన్న పిల్లవాడు చక్కగా పరిగెత్తగలడు, సమస్యే ఆ పరుగు. ఏ హారనుకో, ఏ కుక్క అరుపుకో బెదిరి చెయ్యి విడిపించుకుని రోడ్డు మీదికి దూకేస్తాడు. వాడికి కారు నుంచి గేటు దాకా దూరం ఎంత తగ్గితే అంత మేలు. గుండె జబ్బు మనిషి పొద్దున బాగా నడిచి సాయంత్రం నాలుగడుగులు వేయలేకపోవచ్చు. ఆటిజం ఉన్న పిల్లాడి తల్లిని గేటు దగ్గర ఒకాయన అందరిముందూ "మీ వాడికేమైంది? బాగానే ఉన్నాడుగా" అని అడగడం నేను విన్నాను. ఆమె సమాధానం చెప్పలేదు, పిల్లాణ్ని దగ్గరికి లాక్కుని వెళ్లిపోయింది. బ్యాడ్జికి ఎవరు తగినవాళ్లో తేల్చడానికి కౌన్సిల్ ఉంది, వైద్యులున్నారు. బయటివాళ్లు తేల్చలేరు. ఇవాళ ఈ వేళ ఈ బే నాకు కావాలా అన్నది బ్యాడ్జి ఉన్నవాళ్లొక్కరే నిజాయితీగా చెప్పగలరు. అందుకే నా మాటలన్నీ వాళ్లతోనే, వాళ్ల ఇంటివాళ్లతోనే.

నాకు తోచిన కొలత ఒకటే: కారు దిగేదెవరు? మామ్మగారు దిగి, కర్ర ఊతంగా గేటు దాకా వెళ్లి మనవరాలి చెయ్యి పట్టుకుంటుందంటే ఆ బే నిండుగా ఆవిడదే, ఎంతసేపైనా ఉండనివ్వండి. దిగేది ముప్పై ఐదేళ్ల కొడుకైతే, మామ్మగారు పక్క వీధిలో కూర్చున్నా అదే సీటు, అదే హీటరు. ఒంటరిగా కారులో వదలలేని మనిషి ఉన్నప్పుడు దగ్గరగా ఆపాల్సిరావచ్చు, అది వేరు. మిగతా రోజుల్లో ఆ కొడుకు ఐదు నిమిషాలు నడిస్తే అరిగిపోయేదేమీ లేదు. కొన్ని బళ్లు దగ్గర్లోని చర్చితోనో సూపర్‌మార్కెట్‌తోనో మాట్లాడుకుని వాళ్ల పార్కింగ్‌లో కారు ఆపి పిల్లలతో నడిచి వచ్చే ఏర్పాటు చేసుకున్నాయి. పార్క్ అండ్ స్ట్రైడ్ అంటారు. పిల్లలకి ఆ నడకలో దొరికే కబుర్లు కారులో దొరకవు.

బ్యాడ్జి ఉంది కదా అని బడి ముందు పసుపు జిగ్‌జాగ్ గీతల మీద ఆపేవాళ్లూ ఉన్నారు. బోర్డు మీద రాసిన వేళల్లో అక్కడ ఆగే అధికారం ఏ బ్యాడ్జికీ లేదు. ఐదేళ్ల పిల్ల ఎత్తు కారు బానెట్ కంటే ఏమంత ఎక్కువుండదు. ఆగి ఉన్న కారు వెనక నుంచి పిల్ల రోడ్డు మీదికి అడుగు వేస్తే వచ్చే డ్రైవరుకు ఆఖరి క్షణం దాకా కనిపించదు. కుర్చీ దిగడానికి పేవ్‌మెంటు వాలుగా చెక్కిన చోట అడ్డంగా ఆపడానికీ బ్యాడ్జి పనికిరాదు.

మనవాళ్ల సంగతి ప్రత్యేకంగా ఒకటుంది. ఊరి నుంచి అమ్మ వస్తుంది, మోకాళ్ల నొప్పులు. ఆర్నెల్లుండే చుట్టానికి ఇక్కడ బ్యాడ్జి రాదు. పక్కింటి అంకుల్‌గారిది అడిగి తెస్తారు. ఆయనా మొహమాటానికి ఇచ్చేస్తారు. ప్రేమతో చేసేదే, కాదనను. కానీ పట్టుబడితే జరిమానా మీకు, కార్డు పోయేది ఆయనకి. రేపు ఆస్పత్రికి ఎలా వెళతారాయన? అమ్మని జిగ్‌జాగ్ గీతలు లేనిచోట నెమ్మదిగా దించి, కారు వేరేచోట పెట్టి రండి. కాస్త శ్రమ, అంతే. ఇంట్లో బ్యాడ్జి ఉన్న పెద్దవాళ్లు కాలం చేస్తే కార్డు కౌన్సిల్‌కి తిరిగి ఇచ్చేయాలి. ఆ దుఃఖంలో అది గుర్తుండదు, కార్డు గ్లవ్ బాక్సులో ఉండిపోతుంది. ఒకసారి తీసి చూడండి.

దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉండేవాళ్లూ మనలోనే ఉన్నారు. బిడ్డకి నిజంగా అవసరం ఉండి కూడా, నలుగురికీ తెలుస్తుందని, రేపు పెళ్లి సంబంధాలప్పుడు మాటొస్తుందని బ్యాడ్జికి అప్లై చేయని తల్లిదండ్రులు. వాళ్లని చూస్తే నా మనసు తరుక్కుపోతుంది. అమ్మా, నాన్నా, అప్లై చేయండి. బిడ్డ వయసు మూడేళ్లు నిండకపోయినా, బరువైన వైద్య పరికరాలు వెంట ఉండాల్సివస్తే ఇస్తారు. ఆ ఫొటో కార్డు మీ బిడ్డ బడికి వెళ్లే దారి, అందులో దాచుకోవాల్సిందేమీ లేదు.

ఇక బ్యాడ్జి ఉన్న పెద్దలకు నా విన్నపం. కార్డు మీ పేరున ఉంది, దాని మీద మాట చెల్లేదీ మీదే. మీరు దిగని రోజున పక్క వీధిలో ఆపమని మీ అబ్బాయికి మీరే చెప్పండి. మా అందరికంటే మీరు చెబితే వింటాడు.