మాలగా రేవుపట్టణంలో మూడు దినములు

దేశాటనం వల్ల జ్ఞానం కలుగుతుందని పెద్దలు చెప్పారు. అయితే వారు తలచిన దేశాటనం బహుశా సంచి భుజాన వేసుకొని ఒంటరిగా సాగిపోయే పండితునిది. ఒక ప్రక్క పసిపిల్లల చేయి, మరొక ప్రక్క వృద్ధురాలైన తల్లి చేయి పట్టుకొని పరదేశంలో కోటమెట్లెక్కే గృహస్థులకు కలిగే జ్ఞానం వేరు. అది దాహమనీ, ఆకలనీ, కాళ్ళనొప్పులనీ మధ్యమధ్య ఆగుతూ, కొంత ఆలస్యంగా కలుగుతుంది. కాని అందులో ఒక లాభం ఉన్నది. పండితుడు తాను ఎరిగిన ప్రశ్నలనే వేసుకుంటాడు. పిల్లలు పెద్దలకు ఊహకు రాని ప్రశ్నలు వేస్తారు. స్పెయిన్ దేశపు దక్షిణతీరాన ఉన్న మాలగా అనే ప్రాచీనమైన రేవుపట్టణంలో 2023 అక్టోబరు మాసంలో మేము గడిపిన మూడు దినములను గురించి వ్రాయబూనినప్పుడు మాకు మొదట జ్ఞప్తికి వచ్చినవి అటువంటి ప్రశ్నలే.

మేము ఐదుగురము: దంపతులమైన మేమిద్దరం, పదేళ్ళ కుమారుడు, ఆరేళ్ళ కుమార్తె, డెబ్బది యేళ్ళు దాటిన మా తల్లిగారు. పిల్లలు ఆమెను దాదీ అని పిలుస్తారు. ఆమె చిన్ననాట ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నారు. పిల్లలకు తెలుగు, ఆంగ్లం తప్ప మరొక లిపి రాదు. ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి కారణం ముందు ముందు పాఠకులకే తెలుస్తుంది.

మధ్యధరా సముద్రతీరాన, కొండలకూ నీటికీ నడుమ మాలగా నగరం వెలసినది. ఇప్పటి జనాభా సుమారు 6 లక్షలు. తూర్పు మధ్యధరా తీరాల నుండి ఓడలలో వచ్చిన ఫినీషియన్ వర్తకులు ఇక్కడ స్థావరం ఏర్పరచుకొని దానిని మాలకా అని పిలిచారు. వారి తరువాత రోమనులు, వారి తరువాత అరబ్బులు, వారి తరువాత కాస్టిల్ రాజులు ఈ రేవును ఏలారు. మాడ్రిడ్ నుండి శీఘ్రగామి రైలులో రమారమి రెండున్నర గంటలలో ఇక్కడికి చేరవచ్చును.

పిల్లలూ వృద్ధులూ వెంట ఉన్నప్పుడు చూడవలసినవాటి పట్టిక పొడుగైనకొద్దీ చూచినది తగ్గిపోతుంది. కనుక ఉదయం ఒకటి, సాయంకాలం ఒకటి, అంతకు మించి వద్దని మేము మొదటనే నిశ్చయించుకున్నాము. ఆ దేశపు దినచర్య కూడ ఈ నిర్ణయానికి అనుకూలించినది. మధ్యాహ్నం చాలా దుకాణాలు మూతపడతాయి. అక్కడివారు పగటి భోజనం రెండు, మూడు గంటలకు, రాత్రి భోజనం తొమ్మిది దాటిన తరువాత చేస్తారు. ఏడు గంటలకే ఆకలి వేసే పిల్లలు గల మేము రొట్టె, పళ్ళు, బాదంపప్పు సంచిలో సిద్ధంగా ఉంచుకున్నాము.

మొదటి ఉదయం కోటకు వెళ్ళాము. కోట పాదం వద్ద రోమనుల కాలపు రంగస్థలం ఒకటి ఉన్నది. అది క్రీస్తు శకం మొదటి శతాబ్దం నాటిది. ఎన్నో వందల సంవత్సరాలు మట్టిలో మరుగుపడి, 1951లో బయటపడినది. దానిమీద నిలిచియున్న ఒక సాంస్కృతిక భవనాన్ని 1995లో తొలగించి, మిగిలిన భాగాన్నీ వెలికి తెచ్చారు. అర్ధచంద్రాకారంగా పేర్చిన రాతిమెట్ల వరుసలను వీధిలో నిలబడి కూడ చూడవచ్చును.

పైన ఉన్న కోట పేరు అల్కసాబా. ఉర్దూ విద్యార్థులకు ఈ మాట వినగానే కస్బా జ్ఞప్తికి రాక మానదు. మూలం ఒక్కటే. 11వ శతాబ్దంలో గ్రనడా రాజైన బాదీస్ ఈ దుర్గాన్ని కట్టించాడు. శత్రువు నేరుగా దూసుకొని రాకుండా ద్వారాలన్నీ వంకరగా, మలుపు తిరిగి ఉంటాయి. లోపల సన్నని కాలువలలో నీరు పారుతూ ఉంటుంది. మోకాళ్ళ నొప్పి గల మా తల్లిగారు నగరపాలక సంస్థ భవనం వెనుక వీధి నుండి లిఫ్టులో పైకి రాగలిగారు. పిల్లలు మాత్రం ప్రతి మలుపులోను దాగి, ఒకరినొకరు పట్టుకుంటూ ఎక్కారు.

ఒక ద్వారం వద్ద మావాడు చప్పున ఆగి, “ఈ స్తంభాలు క్రింద నాటకశాలలో చూచినవాటిలాగా ఉన్నాయే!” అన్నాడు. వాడన్నది నిజమే. కోట కట్టినవారు పాడుబడిన రోమను రంగస్థలం నుండి స్తంభాలను, శిలలను తెచ్చి తమ ద్వారాలలో నిలిపారు. “అడిగి తెచ్చుకున్నారా?” అని మా అమ్మాయి ప్రశ్న. అడగడానికి అప్పటికి ఎవరూ మిగలలేదని చెప్పాము.

ఆ సాయంకాలం 35వ నంబరు బస్సులో కొండమీది రెండవ కోటకు వెళ్ళాము. దాని పేరు హిబ్రల్ఫారో. జబల్ అనగా అరబీ భాషలో కొండ. ఫారో అనగా గ్రీకు మూలం నుండి వచ్చిన దీపస్తంభం. దీపస్తంభపు కొండ అని అర్థం. మనం భూగోళ పాఠంలో చదివిన జిబ్రాల్టర్ కూడ జబల్ తారిఖ్ అనే మాటయే. ఈ కోటను 14వ శతాబ్దంలో గ్రనడా సుల్తాను మొదటి యూసుఫ్ కట్టించాడు. గోడమీద నిలబడితే రేవు, ఓడలు, వృషభయుద్ధాల గుండ్రని ప్రాంగణం, తెల్లని దీపస్తంభం, వాటి ఆవల నీలి సముద్రం ఒక్క చూపులో కనిపిస్తాయి.

అక్కడ మా అబ్బాయి, “ఇంత పెద్ద కోటను ఎవరైనా గెలిచారా?” అని అడిగాడు. 1487లో ఫెర్నాండో, ఇసబెల్ రాజదంపతుల సైన్యం నేలమీదను, నౌకలు నీటిమీదను ఈ నగరాన్ని ముట్టడించాయనీ, మే మాసం నుండి ఆగస్టు వరకు సాగిన ఆ ముట్టడిలో ఆకలికి తాళలేక నగరం లొంగిపోయిందనీ చెప్పాము. వెంటనే రెండవ ప్రశ్న వచ్చినది. “లొంగిపోయినవాళ్ళు ఏమయ్యారు?”

మాలో ఇక్కడ రెండు అభిప్రాయాలు కలిగాయి. విహారానికి వచ్చినచోట పసిమనసుకు దుఃఖం ఎందుకు, ఓడల సంగతి చెప్పి మాట మరలించవచ్చునని ఒకరు తలచాము. నేడు మనం చెప్పకపోతే రేపు ఎవరో కోపంతో చెప్పినది వింటాడు, ఆ కోపమే చరిత్ర అనుకుంటాడు అని మరొకరము. మా తల్లిగారు రాతి అరుగుమీద కూర్చొని అంతా వింటున్నారు. “చెప్పు నాయనా, అడిగినప్పుడు చెప్పకపోతే పిల్లలు అడగటమే మానుకుంటారు” అన్నారు.

చెప్పాము. బ్రతికి మిగిలిన పౌరులలో అధికసంఖ్యాకులను, స్త్రీలను పిల్లలను సైతం, బానిసలుగా చేసి పంచుకున్నారనీ, అమ్ముకున్నారనీ చెప్పాము. అదే సమయంలో, అంతకు పూర్వం ఆ నగరపు చెరలో సంకెళ్ళతో మగ్గిన క్రైస్తవ బందీలు వందలమంది విడుదల పొందారనీ చెప్పాము. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “అయితే రెండువైపులవాళ్ళూ మనుషులను కట్టేశారన్నమాట. మరి గెలిచింది ఎవరు?” అన్నాడు. పుస్తకాలలో ఉన్న జవాబు చెప్పాము. అది వానికి చాలలేదని ముఖం చూస్తేనే తెలిసినది. చీకటి పడుతుండగా మౌనంగా దిగివచ్చాము.

రెండవ ఉదయం ప్రధాన దేవాలయమైన కెథీడ్రల్ చూచాము. దీని నిర్మాణం 1528లో ఆరంభమై 1782లో ఆగిపోయినది. రెండు గోపురాలలో ఒకటి మాత్రమే పూర్తి అయినది. అందుచేత నగరవాసులు దీనిని ఒంటిచేతి అమ్మ అనే అర్థంలో లా మంకీతా అని ముద్దుగా పిలుచుకుంటారు. రెండున్నర శతాబ్దాలు కట్టినా పూర్తికాని పని ఉంటుందని తెలిసి, ఇంటిలెక్కలు పూర్తిచేయని మావాడు మిక్కిలి సంతోషించాడు.

కెథీడ్రల్ ప్రక్కన నారింజచెట్ల ప్రాంగణం ఉన్నది. పూర్వం ఆ స్థలంలో నగరపు పెద్దమసీదు ఉండేది. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా పేరు మన విద్యార్థులు ఎరిగినదే. ఆయన మన దేశం విడిచి వెళ్ళిన తరువాత, సుమారు 1350 ప్రాంతంలో ఈ మాలగాకు వచ్చాడు. ఇక్కడి అత్తిపళ్ళను, బాదములను, దూరదేశాలకు ఎగుమతి అయ్యే బంగారుపూత మట్టిపాత్రలను మెచ్చుకున్నాడు. పెద్దమసీదు ముంగిలి అందాన్నీ, అందులో ఎత్తుగా పెరిగిన నారింజచెట్లనూ ప్రత్యేకంగా పేర్కొన్నాడు. కట్టడం మారినది, ప్రార్థన మారినది, నారింజచెట్లు మాత్రం ఆ చోట నేటికీ ఉన్నాయి. అవి నాటి చెట్లే కాకపోవచ్చును. నీరు పోసే చేతులు ఎన్నో మారి ఉంటాయి.

ఆ సాయంకాలం పూర్తిగా పిల్లలదే. మెర్సెద్ కూడలిలో ఒక ఇంట 1881 అక్టోబరు 25న చిత్రకారుడు పాబ్లో పికాసో జన్మించాడు. ఆ కూడలిలో బల్లమీద కూర్చున్న ఆయన కంచువిగ్రహం ఉన్నది. ప్రక్కన ఖాళీ ఉండటంతో పిల్లలిద్దరూ చేరి కూర్చున్నారు. పికాసో తండ్రి చిత్రలేఖనం నేర్పే ఉపాధ్యాయుడు. పావురాలను చిత్రించడం ఆయనకు ఇష్టం. 1949లో జరిగిన శాంతి మహాసభ ప్రకటనపత్రంమీద కుమారుడు వేసిన పావురం లోకమంతా ఎగిరినది. ఆ యేడే పుట్టిన తన కుమార్తెకు ఆయన పలోమా, అనగా పావురమని పేరు పెట్టుకున్నాడు. 2003లో ప్రారంభమైన పికాసో ప్రదర్శనశాల క్రింది అంతస్తులో ఫినీషియనుల నాటి గోడలు కనిపిస్తాయి. పైన ఆధునిక చిత్రాలు, పాదాల క్రింద రెండున్నర వేల యేళ్ళ పునాదులు! అక్కడి నుండి సముద్రతీరానికి పోయాము. ఇసుక నింపిన పాత పడవలో కట్టెల నిప్పు రాజేసి, చిన్నచేపలను వెదురువంటి పుల్లకు గుచ్చి కాలుస్తారు. మా తల్లిగారు నిమ్మకాయ పిండుకొని తిని, కారం ఒక్కటే తక్కువని తీర్పు చెప్పారు.

మూడవ ఉదయం అతరసానాస్ అంగడికి వెళ్ళాము. నేడు చేపలు, కూరలు, పళ్ళు అమ్మే ఆ చోటు పూర్వం ఓడలు కట్టే శాల. దార్ అస్ సినాఅ అనే అరబీ మాటలకు పరిశ్రమ జరిగే ఇల్లు అని అర్థం. అదే అతరసానాస్ అయినది. ఉర్దూలో సన్అత్ అనే మాట ఆ కుటుంబానిదే. ఒకప్పుడు ఈ ద్వారం దాకా సముద్రం ఉండేది. 1870 దశకంలో ఇప్పటి ఇనుప అంగడిశాల కట్టినప్పుడు, 14వ శతాబ్దపు పాలరాతి తోరణాన్ని మాత్రం పడగొట్టకుండా ముఖద్వారంగా నిలుపుకున్నారు.

లోపల పళ్ళ అంగడి వద్ద మా అమ్మాయి వేలు చూపి, “నారింజ!” అన్నది. అమ్మే ఆమె నవ్వి, “నరాన్హా” అని సరిదిద్దినది. ఇద్దరూ ఒకే మాట అన్నారని వారికి తెలియదు. సంస్కృతంలో నారంగమైన ఆ పండు, పారశీకం మీదుగా అరబీలో నారంజ్ అయి, ఓడలెక్కి స్పెయిన్ చేరి నరాన్హా అయినది. మన శర్కర అరబీలో సుక్కర్ అయి, అక్కడ అసూకార్ అయినది. వంకాయ అక్కడ బెరెన్‌హేనా. ఉర్దూ బైంగన్‌కు దూరపు చుట్టం. ఆలివుపండు అసెయితూనా, మన ఉర్దూ జైతూనే. ఒక్క పళ్ళబండి ముందు మా ఇంటి రెండు భాషలూ మాకు ఎదురువచ్చాయి.

బయటికి వచ్చేటప్పుడు మా తల్లిగారు తోరణం క్రింద ఆగారు. పైన రెండు చిన్న డాలు గుర్తులలో సన్నని అక్షరాలు చెక్కియున్నాయి. అది గ్రనడా సుల్తానుల వంశవాక్యమని మేము ముందే తెలుసుకొని యున్నాము. ఆమె కళ్ళజోడు సరిచేసుకొని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని, “గాలిబ్” అన్నారు. “మన కవిగారి పేరే. గాలిబ్ అంటే గెలిచినవాడు. దేవుడు తప్ప గెలిచినవాడు లేడని వ్రాసుకున్నారు” అని పిల్లలకు చెప్పారు.

మా అబ్బాయి తలయెత్తి చాలాసేపు చూచాడు. “ఇది వ్రాసినవాళ్ళే కదా దాదీ ఓడిపోయింది?”

“అవును బేటా. గెలిచి వచ్చినవాళ్ళు కూడ దీన్ని చెరిపివేయలేదు చూడు.”

వాడు కొండమీద అడిగిన ప్రశ్నకు అది సంపూర్ణమైన జవాబు అని మేము అనము. బానిసలుగా అమ్ముడైన పిల్లలకు ఆ రాతివాక్యం ఏ ఊరట ఇచ్చి ఉంటుంది? కాని గెలుపు అన్న మాటను నమ్మే ముందు రెండవసారి ఆలోచించాలన్న అనుమానం ఆ పదేళ్ళ బాలునిలో పుట్టినది. మూడు దినముల ప్రయాణానికి అది చాలిన ఫలమని మేము భావిస్తాము.

ఈ కళాశాలలో ఉర్దూ చదివేవారూ తెలుగు చదివేవారూ ఒకే వరండాలో నడుస్తారు. విద్యార్థి మిత్రులు ఎప్పుడైనా అటువంటి పాతరేవుకు పోగలిగితే, ఇంట ఉన్న వృద్ధులలో ఒకరినీ పిల్లలలో ఒకరినీ వెంట తీసుకొని పొండి. పిల్లలు అడుగుతారు. పెద్దలు చదివి చెప్పగలుగుతారు. నడుమ ఉన్నవారు సంచులు మోస్తూ రెండూ వినవచ్చును.