ఎత్తేవాళ్ళ నడుములు

మాది పొదిలి దగ్గర మాదిగపల్లె. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. సర్కారు బళ్ళో టీచర్ని. నా చదువు గురించి చాలామంది అడుగుతారు. మా అమ్మ నడుం గురించి ఎవరూ అడగరు. అందుకే ఆ నడుం గురించి రాస్తున్నాను.

మా నేల నీళ్ళలో ఫ్లోరైడు ఉంది. ఇది నిన్నమొన్న తెలిసిన సంగతి కాదు. 1937లోనే డాక్టర్లు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ ఎముకల జబ్బును చూసి రాశారు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లావే. లీటరు నీళ్ళలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగగూడదంటారు. మా పల్లెలో వేరే నీళ్ళేవి? బోరు నీళ్ళు తాగీ తాగీ మా నాయన యాభై ఏళ్ళకే కొయ్యబారిపోయాడు. మెడ తిరగదు. వెన్ను వంగదు. చివరికి కాళ్ళు పడిపోయాయి.

మంచాన పడ్డ మనిషి బరువు వేరు. మిరపకాయల టిక్కీ అయితే ఒంటికి ఆనించుకుని లేపొచ్చు, మొయ్యలేకపోతే కింద పడెయ్యొచ్చు. మనిషిని పడెయ్యలేం గదా. జారతాడు, మూలుగుతాడు, భయపడి మన మెడ పట్టుకుంటాడు. మంచం కిందికుంటే వంగి, చేతులు చాపి ఎత్తాలి. బరువు ఒంటికి ఎంత దూరముంటే నడుం మీద అంత భారం. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే పుండ్లు పడతాయి. అంటే రోజుకు పన్నెండుసార్లు. చేసేది అమ్మ ఒక్కతే. ఆ నీళ్ళే తాగిన నడుం ఆమెది గూడా.

నాయన పడిపోకముందే ఆ నడుం సగం అరిగింది. మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయేది. తర్వాత టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేరింది. మా వాడకొస్తే మంచినీళ్ళు గూడా ముట్టని ఇళ్ళవాళ్ళు ఆసుపత్రి మంచం మీద అమ్మ చేతుల్లో ఒరిగేవాళ్ళు. అమ్మే ఎత్తాలి, కడగాలి, తుడవాలి. ఇంటికి పోయాక ఆ చేతులకు మళ్ళీ గడప బయటే చోటు. ఈ పని మావాళ్ళకే ఎందుకొచ్చిందో ఎక్కడా రాసి పెట్టలేదు. అందరికీ తెలిసిందాన్ని రాసేదెందుకు?

2009లో ఒక రాత్రి డ్యూటీలో, బాగా లావుపాటి మనిషిని చంకల్లో చేతులేసి పైకి లాగుతుంటే అమ్మ నడుం కలుక్కుమంది. నాలుగు రోజులు లేవలేదు. ఐదో రోజుకు ఆమె చోట్లో మా పల్లె ఆమే ఇంకొకామె చేరింది. నేనప్పుడు డిగ్రీలో ఉన్నా. 1923 నుంచి కార్మికుల నష్టపరిహార చట్టం ఉందని చదువుకున్నా. చట్టం అడిగేది కాయితం. హాజరు పుస్తకంలో అమ్మ పేరే లేదు. “వయసు నొప్పులమ్మా” అన్నారు. అప్పటికి ఆమెకు 42 ఏళ్ళు.

నాయన్ని ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకుపోయినప్పుడు ఒక సిస్టరు మాకు పని నేర్పింది. “ఎత్తొద్దమ్మా, జరపండి” అంది. చదివే మీ ఇళ్ళల్లోనూ మంచాన పడ్డవాళ్ళుంటారు గనక ఆమె చెప్పింది ఇక్కడ రాస్తున్నా.

మంచం కోళ్ళ కింద కదలకుండా చెక్క దిమ్మెలు పెట్టి నడుమెత్తుకు తెచ్చాం. నులక గుంటపడితే మనిషి అందులో కూరుకుపోతాడు, అందుకని పైన బల్ల పరిచి బొంత వేశాం. పాత దుప్పటి మడిచి నాయన భుజాల నుంచి తొడల దాకా కింద పరిచాం. పైకి జరపాలంటే ముందు తలగడ తీసి పక్క చదును చెయ్యాలి. ఇద్దరు చెరోపక్క నిలబడి దుప్పటి అంచుల్ని రోగి ఒంటి దగ్గరిదాకా చుట్టి పట్టుకోవాలి. కాళ్ళు ఎడం పెట్టాలి. మోకాళ్ళు వంచాలి, నడుం వంచగూడదు, మెలితిప్పగూడదు. “ఒకటి, రెండు, మూడు” అనుకుని, మన ఒంటి బరువును ఒక కాలి మీద నుంచి రెండో కాలి మీదికి మారిస్తే దుప్పటితోపాటు మనిషి జరుగుతాడు. రోగికి చేతనైతే మోకాళ్ళు ముడిచి పాదాలతో తన్నమనాలి. చంకల్లో చేతులేసి లాగేది, మన మెడ పట్టుకోనిచ్చేది రెండూ మానాలి. నాయన లాంటి కొయ్యబారిన మనిషిని తిప్పేటప్పుడు తల, భుజం, తుంటి కలిపి దుంగలాగా ఒక్కసారే దొర్లించాలి.

ఇద్దరు కావాలి గదా, రెండో మనిషెవరు? నేను బడికి పోయినప్పుడు తమ్ముడు నిలబడ్డాడు. “మొగపిల్లోడితో ఆ పనేందే” అని చుట్టాలన్నారు. అననీ. వాడు మానలేదు.

అయితే మోకాళ్ళు వంచమని ఆయాకు చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. అమెరికాలో 2007లో లెక్కగట్టారు: రోగుల్ని కదిలించే పనిలో ఒక మనిషి మీద 16 కిలోలకు మించి బరువు పడగూడదని. వంద కిలోల మనిషికి కాలొక్కటే దాదాపు అంత తూగుతుంది. అంతకు మించితే యంత్రం కావాలి. బ్రిటన్‌లో 1992 నాటి నిబంధనలు ఇట్లాంటి ప్రమాదకరమైన ఎత్తుళ్ళను వీలైనంతవరకు యజమానే తప్పించాలన్నాయి. అంటే నడుం బాధ్యత ఆయా నేర్పు మీద కాకుండా యజమాని నెత్తిన పెట్టారు.

నాయన 2017లో పోయాడు. ఒంటి మీద ఒక్క పుండు లేదు. ఊరంతా అమ్మను మెచ్చుకున్నారు. ఆ మెప్పుకు ఆమె కట్టిన ఖరీదు ఆమె వెన్ను. ఇవాళ్టికీ బిందెడు నీళ్ళు ఎత్తలేదు.

మన సభల్లో భూమి గురించి, కూలిరేటు గురించి మాట్లాడుకున్నాం. ఆయాల నడుం గురించీ మాట్లాడాలి. హాజరు పుస్తకంలో వాళ్ళ పేర్లుండాలి. రాత్రి డ్యూటీలో ఒక్కదాన్నే వదలగూడదు. ఎత్తు మార్చే మంచాలు, ఎత్తే యంత్రాలు రోగులకే గాదు, మనవాళ్ళకూ మందే. నడుం పోతే వైద్యం, పరిహారం దయగా గాదు, హక్కుగా రావాలి. ఈసారి మీరు ఏ ఆసుపత్రికి పోయినా, రోగిని పరామర్శించాక ఆ వార్డు ఆయాను గూడా అడగండి: “నడుం ఎట్లా ఉందమ్మా? పుస్తకంలో నీ పేరుందా?”